రెండో పీసు

యాంప్లిఫయర్ మూత తీయగానే జబ్బేమిటో ముందు ముక్కుకు తెలుస్తుంది. కాలిన రెసిస్టర్ వాసన వేరు, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ వాసన వేరు. ముప్పై ఏళ్లు ఆ వాసనల మధ్యే కూర్చున్నాను కాబట్టి కళ్లు మూసుకొని చెప్పగలను. ఈ గొప్ప మొదట్లోనే చెప్పేసుకుంటున్నాను. దీని తర్వాత చెప్పబోయే దాంట్లో గొప్పలేమీ లేవు. ఒక సిగ్గుమాలిన పని ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఒక్క మనిషికే చెప్పాను. చెప్పాల్సిన మనిషి ఆయన కాదు.

నాది సిరిసిల్ల. మా ఇంట్లో అందరూ నేత పనిలోనే పుట్టి పెరిగారు. మగ్గాలు పోయి సాంచాలు, అంటే మరమగ్గాలు, వచ్చిన రోజుల్లో ఆ చప్పుడు నాకు పడలేదు. మా అన్న సాంచాల మీదికి పోయాడు, నేను కోరుట్లలో ఒక ఉస్తాద్ దగ్గర రేడియో పని నేర్చుకున్నాను. ఆయన ఇంట్లో ఉర్దూ, షాపులో తెలుగు. కోపం వస్తే రెండూ కలిపి తిట్టేవాడు. పని మాత్రం దాచుకోకుండా నేర్పాడు. మూడేళ్ల తర్వాత జగిత్యాలలో గడియారం టవర్‌కు పోయే దారిలో ఒక మడిగె కిరాయికి తీసుకొని నా సొంత షాపు పెట్టుకున్నాను.

ఇప్పుడు కొంచెం పని సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసిందేమిటో అర్థం కాదు. మైక్‌సెట్టు యాంప్లిఫయర్‌లో చివరన రెండు పెద్ద ట్రాన్సిస్టర్లు ఉంటాయి. హారన్లను మోగించే బరువంతా వాటి మీదే. మా దిక్కు ట్రాన్సిస్టర్ అంటే రేడియో అనుకుంటారు, అందుకని షాపుల్లో వాటిని పవర్ పీసులు అనేవాళ్లం. లోహపు టోపీ, కింద రెండు కాళ్లు, అటూ ఇటూ స్క్రూలు పట్టే రెండు రంధ్రాలు. సెట్టు వెనక రెక్కలున్న అల్యూమినియం పలక ఉంటుంది. మధ్యలో పల్చటి అభ్రకం ముక్క, దానికి తెల్లటి పేస్టు పెట్టి వాటిని ఆ పలకకు బిగిస్తారు.

పీసు పోయిందో లేదో చూడాలంటే దాన్ని బయటికి తీసి మీటరు పెట్టాలి. మంచిదయితే మీటరు ముల్లు ఒక దిక్కు కదులుతుంది, తీగలు తిప్పి పెడితే కదలదు. పోయిన పీసయితే ఎటు తిప్పి పెట్టినా ముల్లు పరుగెత్తి సున్నా మీద కూర్చుంటుంది. ఇది వారం రోజుల్లో ఎవరైనా నేర్చుకునే పని. చిక్కు ఎక్కడంటే, సెట్టులో బిగించి ఉన్నప్పుడు ఆ రెండు పీసులూ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల ద్వారా ఒకదానికొకటి కలిసే ఉంటాయి. ఒకటి పోతే చాలు, అలాగే మీటరు పెడితే రెండోది కూడా పోయినట్టే చూపిస్తుంది. మొదట్లో నేను అలాగే చూసి రెండూ పోయాయని చెబితే, ఉస్తాద్ నా చేతిలోంచి మీటరు లాక్కున్నాడు.

"మీటర్ ఏం జేస్తది బేటా? నువ్వు పెట్టిన కాడ ఉన్నదే చూపిస్తది. తీసి చూడు. తియ్యకుండ ఎవ్వన్నీ పోయిండని చెప్పకు."

ఆయన షాపులో ఇంకో పద్ధతి ఉండేది. పాత సామాను గిరాకీది, అంటే సెట్టు తెచ్చినవాడిది. పోయిన పీసులను పారెయ్యకుండా, ఆ స్క్రూ రంధ్రాల్లోంచి బైండింగ్ వైరు గుచ్చి, సెట్టు పిడికి కట్టి ఇచ్చేవాడు. ఊళ్లలో మైక్‌సెట్ల వాళ్లు వాటిని ఇంట్లో మేకుకు తగిలించుకునేవాళ్లు. ఎవరి మేకుకు ఎన్ని పీసులు వేలాడితే వాళ్ల సెట్టు అన్ని పెండ్లిళ్లు చేసినట్టు లెక్క. నేను కూడా నా షాపులో ఆ పద్ధతే పెట్టుకున్నాను. కోరుట్ల ఉస్తాద్ చేతి కింద నేర్చుకున్నోడు అని పేరు రావడానికి అది బాగా పనికొచ్చింది.

నేర్చుకున్నదాన్ని తిప్పి వాడుకోవడం కూడా త్వరగానే నేర్చుకున్నాను. ఆ రోజుల్లో అసలైన పీసులు దొరకడం కష్టం. హైదరాబాద్ నుంచి తెచ్చే వాటిలో సగం పాత నంబరు చెరిపి కొత్త నంబరు కొట్టినవే, రెండో పెండ్లికే కాలిపోయేవి. పాత సెట్లలో ఉండే అసలైన పీసు మీద నాకు కన్ను ఉండేది. ఒకటి పోయి వచ్చిన సెట్టుకు రెండూ మార్చడం పనిలో మామూలే, జోడీ సమానంగా ఉండాలి. అది తప్పు కాదు. "ఒకటి మంచిగున్నది, దాచుకో" అని తిరిగి ఇచ్చేస్తే సరిపోయేది. నేను ఇచ్చేవాణ్ని కాదు. గిరాకీ కళ్ల ముందే, పీసులు తీయకుండా మీటరు పెట్టేవాణ్ని. ముల్లు రెండింటికీ సున్నా మీద కూర్చునేది. "ఇగో చూడు, రెండూ పోయినయి" అనేవాణ్ని. ఆయన చాయ్‌కి పోయినప్పుడు తీసి చూసి, మంచిదాన్ని డబ్బాలో వేసుకొని, దాని జాగాలో ఎప్పుడో చచ్చిన పీసు ఒకటి వైరుకు గుచ్చి ఇచ్చేవాణ్ని. ఏ ఉస్తాద్ అయితే తీసి చూడమన్నాడో, ఆయన వద్దన్న తప్పునే చేతి పనిగా మార్చుకున్నాను.

ఆ సిగ్గుమాలిన పని ఎవరికి చేశానో ఆ మైక్‌సెట్టు ఆయన గొల్లపల్లి దిక్కు ఒక ఊరి మనిషి. నాకంటే ఐదారేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. రెండు బర్రెలు అమ్మి మైక్‌సెట్టు కొన్నాడని ఊళ్లో అందరూ నవ్వారట. రెండు హారన్లు, ఒక యాంప్లిఫయర్, ఒక కారు బ్యాటరీ. పెండ్లిళ్లకు, బతుకమ్మలకు, పీరీల పండుగకు, అన్నిటికీ ఆయన సెట్టే పోయేది. ఆయన చెవుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఊరి బయట చింతచెట్టుకు కట్టిన హారన్‌లో గొంతు కొంచెం బొంగురుపోతే ఇంటి దగ్గర కూర్చొని కనిపెట్టేవాడు. నేను బాగుచేసి ఇచ్చిన సెట్టు దగ్గర తల వంచి, కళ్లు మూసుకొని వినేవాడు. నాకు వినబడని గుర్రు ఆయనకు వినబడేది. మీటరుకు దొరకని జబ్బులు రెండు మూడు సార్లు ఆయన చెవులకే దొరికాయి. నాకు కొంచెం అసూయ కూడా ఉండేది.

అవి అన్నల, అంటే నక్సలైట్ల, రోజులు. ఎనభైల చివర. అడవి నుంచి దళాలు ఊళ్లలోకి వచ్చిపోయేవి, వాటి వెనకే పోలీసు జీపులు తిరిగేవి. మైక్‌సెట్టు ఉన్నవాడికి రెండు దిక్కులా భయమే. అన్నలు మీటింగుకు కావాలంటే లేదనే ధైర్యం ఎవరికీ లేదు. ఇచ్చాడని తెలిస్తే పోలీసులు ఊరుకోరు. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపినా సెట్లు మూడో నాలుగో ఉండేవి, అందుకని వెతకడం కష్టం కూడా కాదు.

ఒక మంగళవారం పొద్దున ఆయన సెట్టు భుజాన పెట్టుకొని నా షాపుకు వచ్చాడు.

"ఏమైంది అన్నా?"

"ఐతారం బరాత్ తమ్మీ. హారన్ వైరు మీదికెల్లి బండి పోయింది. టప్పుమన్నది, పొగ అచ్చింది, గంతే. నిన్ననే తెద్దామంటె బస్సు నడ్వలె. రేపు ఇంకో పెండ్లి ఉన్నది. ఎట్లనన్న జేసి ఇయ్యాల్నే ఇయ్యి."

మూత తీశాను. వాసన వచ్చింది. మీటరు అలాగే పెట్టాను. ముల్లు ఒకదానికి సున్నా, రెండోదానికీ సున్నా. ఆయన నా భుజం మీద నుంచి వంగి చూస్తున్నాడు.

"రెండూ పోయినయి."

"రెండూనా?"

"నువ్వే చూస్తున్నవ్ గదా అన్నా."

"చూస్తున్న గని నాకేమెరుక. రెండు పోతే రెండు వెయ్యి. నువ్వు చెప్పినదే నాకు."

ఆయన అన్నం తినడానికి హోటల్‌కు పోయాడు. పీసులు రెండూ తీశాను. ఒకటి నిజంగానే పోయింది. రెండోదానికి మీటరు పెడితే ముల్లు ఒక దిక్కే కదిలింది. ఇంకోసారి చూశాను. అసలైన పీసు, చక్కగా ఉంది. నాకు సంతోషమేసింది. ఆ సంతోషం ఇప్పటికీ నాకు గుర్తుంది, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. దాన్ని తుడిచి డబ్బాలో వేసుకొని, చచ్చిన పీసుల్లోంచి ఒకటి తీశాను. ఆకారం అదే కానీ నంబరు వేరు. పేస్టు ఎండిపోయి పగుళ్లు పట్టి ఉంది. ఊరి మనిషి నంబరు చూస్తాడా అనుకున్నాను. రెండింటినీ వైరుకు గుచ్చాను.

కొత్త జోడీ బిగించి, కరెంటు దారిలో వంద క్యాండిల్ బల్బు ఒకటి అడ్డం పెట్టి సెట్టు ఆన్ చేశాను. లోపల ఇంకా ఏదైనా కలిసిపోయి ఉంటే ఆ బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు మళ్లీ కాలదు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారింది. పని అయినట్టే. ఆయన వచ్చి, తల వంచి విని, "సన్నగ గుర్‌మంటంది తమ్మీ" అన్నాడు. నాకేమీ వినబడలేదు. వెతికితే ఒక ఎర్త్ వైరు వదులుగా ఉంది. బిగించాను. సెట్టు పిడికి కట్టిన పీసులను వేలితో తట్టి, "ఇంటి మేకుకు ఇంకో జోడీ" అని నవ్వుకుంటూ బస్టాండ్ దిక్కు పోయాడు.

తర్వాత వారం మధ్యాహ్నం పూట నా షాపు ముందు జీపు ఆగింది. నన్ను ఎక్కించుకొని ఒక ఠాణాకు తీసుకుపోయారు. ఏ ఠాణానో ఇక్కడ రాయను. ఎస్సై బల్ల మీద మైక్‌సెట్టు ఆయన యాంప్లిఫయర్ ఉంది, పక్కన బైండింగ్ వైరుకు గుచ్చిన రెండు పీసులు ఉన్నాయి. గోడ పక్కన ఆయన గొంతుక్కూర్చొని ఉన్నాడు. ఒంటి మీద బనీను మాత్రమే ఉంది.

జరిగింది ఇదీ. ఆయన సెట్టు కాలిన మర్నాడు, అంటే సోమవారం, పక్క ఊళ్లో అన్నలు మైకు పెట్టి మీటింగు జరిపారు. మైకు ఎవరిదో తెలియదు. పోలీసులు సెట్లున్న వాళ్లందరినీ పట్టుకొచ్చి అడుగుతున్నారు. ఆయన, తన సెట్టు ఐతారమే కాలిపోయిందనీ, మంగళవారం దాకా మోగనే లేదనీ చెప్పాడు. సెట్టు ఇప్పుడు బ్రహ్మాండంగా మోగుతోంది కదా అన్నారు. అప్పుడాయన ఇంటి మేకు మీది పీసులను చూపించాడు. కాలినవి ఇవిగో, జగిత్యాలలో మార్పించాను, మెకానిక్‌ను అడగండి అన్నాడు. ఆయనకు దిక్కు ఆ వైరే.

బల్ల పక్కన వైర్‌లెస్ చూసే హెడ్‌కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. మా దిక్కు మనిషే. పీసులను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"సార్, గిదొక్కటి గీ సెట్టుదే, పోయింది గూడ. గీ రెండోది మాత్రం గీ సెట్టుది గాదు. నంబరే వేరు. పేస్టు సూడుండ్రి, ఏండ్ల కిందటిది."

ఎస్సై మా యాస మనిషి కాదు. "అంటే ఎక్కడో చెత్తలోంచి రెండు ఏరుకొచ్చి మనకు కథ చెబుతున్నాడు" అన్నాడు. నా వైపు తిరిగి, "ఏరా, ఇవి నువ్విచ్చినవేనా?" అని అడిగాడు.

ఆయన గోడ దగ్గర నుంచి తల ఎత్తాడు. ఆ ముఖంలో భయం తగ్గింది. నన్ను చూసి తగ్గింది.

"చెప్పు తమ్మీ. నీ చేతితోటే గుచ్చి ఇచ్చినవ్ గదా."

నేను చెప్పాల్సింది నాలుగు మాటలు. సార్, రెండోది నేనే మార్చి పెట్టాను, మంచిదాన్ని నేను దాచుకున్నాను, కానీ మొదటిది నిజంగానే పోయింది, ఒక్కటి పోయినా సెట్టు మోగదు. అంతే. వైర్‌లెస్ ఆయన అవునని తల ఊపేవాడు. డబ్బాలో ఉన్న మంచి పీసు తెచ్చి చూపిస్తే నంబరుకు నంబరు కలిసేది. అసలు నేను ఆ పోయిన ఒక్కదాన్నే ఇచ్చి ఉంటే ఆ వారం ఆయన దాన్నే చూపించి ఇంటికి పోయేవాడు.

"నా దగ్గెరికి మస్తు సెట్లు అస్తయి సార్" అన్నాను.

"ఇవి నువ్విచ్చినవా, కాదా?"

"గా రెండోది నాది గాదు సార్. గట్లాంటిది నేను ఇయ్యలె."

ఎస్సై కొడతాడని భయపడ్డాను అని రాస్తే చదివేవాళ్లు అర్థం చేసుకుంటారు. ఆ రోజుల్లో ఎవరు భయపడలేదు అంటారు. భయం ఉన్నమాట నిజమే. కానీ నా నోరు మూయించింది అది కాదు. ఆ వైర్‌లెస్ మనిషి నా పని తెలిసినవాడు. ఆయన ముందు దొంగను అనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. జగిత్యాలలో ఉస్తాద్ పేరు మీద సంపాదించుకున్న మర్యాద పోతుందని ఆలోచించాను. ఒక మనిషి బనీను మీద గోడ పక్కన కూర్చొని ఉంటే, నేను నా షాపు పేరు గురించి ఆలోచించాను.

వైర్‌లెస్ మనిషి నన్నే చూస్తున్నాడు. ఆయనకు అంతా అర్థమైందని ఇప్పటికీ నా నమ్మకం. ఆయన కూడా ఏమీ అనలేదు. ఒక కాగితం మీద నాతో సంతకం పెట్టించుకొని పొమ్మన్నారు. నేను వరండా మెట్లు దిగకముందే లోపల చెంప మీద కొట్టిన చప్పుడు వినబడింది. ఆయన "ఓ అవ్వా" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. బస్టాండ్‌కు పోయి, బస్సెక్కి, షాపు తెరిచి సాయంత్రం దాకా పని చేసుకున్నాను.

మూడు రోజులకు ఆయన్ను వదిలారు. ఆ మైకు ఇంకెవరిదో అని తేలిందట. పదిహేను రోజుల తర్వాత, పోలీసులు తిరిగి ఇచ్చిన సెట్టు పట్టుకొని నా షాపుకు వచ్చాడు. జీపు చప్పుడు విన్నంత బెదిరిపోయాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన స్టూలు మీద కూర్చొని నేను తెప్పించిన చాయ్ అందుకున్నాడు.

"తప్పయింది తమ్మీ" అన్నాడు. "నా మూలంగ నిన్ను గూడ ఠాణ మెట్లెక్కిచ్చిన. ఇంటి మీద పడంగనే నీ పేరే నోట్లెకచ్చింది."

"గదేంది అన్నా" అన్నాను.

"వాండ్లే మార్చిండ్రు గా పీసు. నాకెరుకే. నన్ను ఇరికియ్యాలనే మార్చిండ్రు. నువ్వు నీది గాదన్నది నిజమే గదా, నీది ఎట్లయితది? నీ చేతి పని నాకెరుక లేదా?"

నేను తల ఊపాను. అవును, వాళ్లే మార్చి ఉంటారు అని నోటితో కూడా అన్నాను. ఠాణాలో అన్న మాటకంటే ఈ మాట పెద్ద తప్పు. అక్కడ ఎస్సై ఉన్నాడు, ఇక్కడ ఎవరున్నారు? ఇద్దరమే ఉన్నాం, మధ్యలో చాయ్ గ్లాసులు ఉన్నాయి.

పోయేటప్పుడు సెట్టు ఒకసారి మోగించమన్నాడు. మోగించాను. అలవాటుగా తల ఒక పక్కకు వంచాడు. వెంటనే రెండో పక్కకు తిప్పాడు. "ఎడమ చెవుల ఏం ఇనవడ్తలేదు తమ్మీ. డాక్టర్ పొర పగిలింది అన్నడు. గుర్‌మంటుందో లేదో నువ్వే చూసి చెప్పు." గుర్రు లేదని చెప్పాను. ఉందో లేదో నాకెప్పుడూ తెలియదు, ఆయనే చెప్పేవాడు.

ఆ తర్వాత నేను పీసు తీయకుండా ఎవరి సెట్టుకూ మీటరు పెట్టలేదు. గిరాకీ ముందే తీసి, గిరాకీ ముందే చూసి, మంచిది మంచిదని చెప్పి చేతిలో పెట్టేవాణ్ని. జనం ఇంకా ఎక్కువ నమ్మారు. షాపు పెరిగింది. ఇది కూడా సిగ్గుపడే సంగతే. ఆ డబ్బాలోని మంచి పీసును మాత్రం ఏ సెట్టులోనూ వెయ్యలేకపోయాను.

ఒక ఆదివారం కోరుట్ల పోయి ఉస్తాద్‌కు అంతా చెప్పాను. అప్పటికి ఆయనకు చూపు మందగించింది, షాపు మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. మధ్యలో ఒక్క మాట కూడా అడగకుండా విన్నాడు. తిట్లు వస్తాయని చూశాను, తెలుగులోనో ఉర్దూలోనో. రాలేదు.

"గా పీసు ఏడున్నది?"

"నా దగ్గరనే ఉన్నది ఉస్తాద్."

"తీస్కపోయి ఆయన చేతుల పెట్టు. నాకు చెప్తె ఏం ఫాయిదా? నా చెవులు మంచిగనే ఉన్నయి."

ఆ మాటతో నన్ను పంపించేశాడు. ఆయన భార్య చాయ్ తాగి పొమ్మంటే, "ముందు గా పని చేసి రానియ్యి" అన్నాడు. మళ్లీ నేను ఆయన ఇంటికి పోలేదు. కొన్నేళ్లకు ఆయన పోయాడని తెలిసి, దూరం నుంచి జనాజా చూసి వచ్చాను.

ఇంతలో ఆయన, అదే మైక్‌సెట్టు అన్న, సెట్టు అమ్మేశాడు. ఒక్క చెవితో హారన్ గొంతు సరిచేయడం కుదరలేదు. మైకు కూత పెడితే ఏ దిక్కు నుంచి వస్తుందో తెలిసేది కాదు, పెండ్లివాళ్లు నవ్వేవాళ్లు. ఏదైనా పని చూపించు తమ్మీ అని నన్నే అడిగాడు. సిరిసిల్లలో మా అన్నకు చెప్పి సాంచాల మీద పెట్టించాను. దాంతో కొంత తీరిపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన మాత్రం కనబడిన వాళ్లందరికీ, "గా జగిత్యాల మెకానిక్ లేకపోతె నా బతుకు ఆగమయ్యేది" అని చెప్పేవాడట. మా అన్న ఆ మాట నాకు సంతోషంగా చెప్పాడు. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

చివరికి ఒకరోజు ఆ పీసును రుమాలులో చుట్టి జేబులో వేసుకొని సిరిసిల్ల బస్సెక్కాను. సాంచాల షెడ్డు ముందు చాయ్ హోటల్ బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. లోపల సాంచాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఆయన భుజాల మీద దూది పొట్టు ఉంది.

"ఇక్కడ మంచిగున్నది తమ్మీ" అన్నాడు. "లోపట అందరు చెవిటోళ్లే. అరిస్తెనే మాట్లాడుతరు. నా చెవి సంగతి ఎవ్వనికీ తెల్వది."

నేను కూర్చున్నది ఆయనకు ఎడమ పక్కన. అక్కడ తప్ప ఇంకో జాగా లేక కూర్చోలేదు. కుడి పక్కన బల్ల ఖాళీగానే ఉంది. బస్సు దిగినప్పటి నుంచి ఎక్కడ కూర్చోవాలో నాకు తెలుసు. అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"గా రెండో పీసు నేనే మార్చిన అన్నా" అన్నాను. అరవలేదు, గుసగుస కూడా కాదు. పక్క మనిషితో మాట్లాడినట్టే అన్నాను. "మంచిది నేను దాచుకున్న. ఠాణల అబద్ధం చెప్పిన. నీ చెవి నా మూలంగనే పోయింది."

అన్నీ చెప్పాను, ఒక్కటి కూడా మిగల్చలేదు. చెయ్యి జేబులో రుమాలు మీదే ఉంది.

ఆయన వీధి దిక్కు చూస్తూ చాయ్ ఊదుకుంటున్నాడు. నా పెదవులు కదిలినట్టు అనుమానమొచ్చి ఇటు తిరిగాడు. ముఖమంతా నవ్వు.

"ఏందో అన్నవ్ తమ్మీ? గీ దిక్కు ఏం ఇనవడది. ఇటు అచ్చి కూసొని చెప్పు."

లేచి కుడి పక్కకు పోయి కూర్చున్నాను. ఆయన పనిచేసే చెవిని నాకు దగ్గరగా వంచి, కళ్లు మూసుకున్నాడు. నా షాపులో సెట్టు వినేటప్పుడు వంచినట్టే వంచాడు.

"ఏం లేదన్నా" అన్నాను. "చాయ్‌ల చక్కెర తక్కువైంది అంటున్న."

"గంతేనా? ముందే చెప్పద్దా!"

నా చేతిలోంచి గ్లాసు తీసుకొని లేచాడు. హోటలాయన దగ్గరికి పోయి, మా తమ్మి జగిత్యాల కెల్లి అచ్చిండు, మంచిగ వెయ్యి అని గట్టిగా చెప్పి, రెండు చెంచాల చక్కెర వేయించి, చెంచాతో తనే కలుపుకుంటూ తెచ్చి ఇచ్చాడు. ఆ చాయ్ నేను మొత్తం తాగాను.